పేరు మారిన ప్రాంతం, దారి తెలియని ఆధారం: మేడ్చల్–శామీర్‌పేట పత్రికాచరిత్ర పరిశోధనలో గ్రంథాలయ ఆధారాల అన్వేషణ, సూచన

వ్యాస సంగ్రహం

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల పత్రికా, ప్రసార చరిత్రకు ఆధారాలు లేవన్న అభిప్రాయం పరిశోధకులలో తరచుగా వినిపిస్తుంది. ఆధారాలు లేకపోవడం వేరు, వాటిని చేరే దారి తెలియకపోవడం వేరు. ప్రాంతనామం, పంచాంగం, పత్రికా ముద్రణ, గ్రంథాలయ వర్గీకరణ అనే నాలుగు అంశాలలో కాలక్రమేణా వచ్చిన మార్పులు ఆధారాన్ని ఎలా మరుగుపరుస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆధార సూచన అంటే పరిశోధకుడు తాను చూసిన ప్రతిని గుర్తుపట్టే విధంగా చెప్పడమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పత్రికాచరిత్ర, గ్రంథాలయం, ఆధార సూచన, గోలకొండ పత్రిక, ఫసలీ, అత్రాఫ్-ఎ-బల్దా, జిల్లా అనుబంధం.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖలలో జరుగుతున్న పరిశోధనలో పత్రికలకు ఇప్పుడు పెద్ద చోటు దక్కింది. పత్రికాభాష, సంపాదకీయాలు, సాహిత్యపుటలు, పాఠకుల ఉత్తరాలు సిద్ధాంత వ్యాసాలకు వస్తువులవుతున్నాయి. హైదరాబాదులో పత్రికారచన బోధనకు కూడా చెప్పుకోదగిన చరిత్ర ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ శాఖ 1954లోనే ఏర్పడింది. అయితే సాహిత్య గ్రంథాన్ని పరిశీలించే అలవాటుతో పత్రికను చేపట్టినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. గ్రంథానికి కర్త, ముద్రణ సంవత్సరం, పుట తెలిస్తే చాలు. పత్రికలో ఒకే తేదీన ఒకటికి మించిన ముద్రణలు ఉండవచ్చు, రచన కింద పేరు లేకపోవచ్చు, ఒక గ్రంథాలయంలో ఉన్న సంచిక మరో గ్రంథాలయంలో లేకపోవచ్చు.

ఈ చిక్కు స్పష్టంగా కనిపించే ప్రాంతం మేడ్చల్–శామీర్‌పేట. నాగపూరు వైపు వెళ్లే జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. మేడ్చల్ రైలుస్టేషను సికింద్రాబాదు–మన్మాడ్ మార్గంలోనిది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 1998లో ఏర్పడి శామీర్‌పేటలో నెలకొన్నది. 2008లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం ఈ పరిసరాలకే వచ్చింది. తెలుగు విశ్వవిద్యాలయపు కొత్త ప్రాంగణం ఉన్న బాచుపల్లి కూడా నేటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనిదే. ఉన్నత విద్యాసంస్థలు నగరం అంచుకు తరలివచ్చాయి గాని, పాత పత్రికలు, దస్త్రాలు నగరం నడిబొడ్డునే, సుల్తాన్‌బజార్, అఫ్జల్‌గంజ్, బాగ్‌లింగంపల్లి, తార్నాకలలోనే ఉండిపోయాయి. ఈ దూరాన్ని బస్సులో దాటవచ్చు. పేర్లు, తేదీలు, వర్గీకరణ సంఖ్యలు కల్పించే దూరాన్ని దాటడానికి మాత్రం పద్ధతి కావాలి.

2. ప్రాంతనామం: ఏ పేరుతో వెదకాలి?

మేడ్చల్ జిల్లా చరిత్రను ఆ పేరుతో గ్రంథాలయ సూచికలో వెదికితే దొరికేది స్వల్పం. కారణం సులభం. ఆ పేరుతో జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంతకు ముందు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా 1978 ఆగస్టు 15న ఏర్పడింది. దానికి ముందు ఇది హైదరాబాదు జిల్లా. నిజాం పాలనలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. రాజధాని చుట్టూ ఉన్న ఆ జిల్లా నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములలోనిది. దీవానీ ప్రాంతాలకు వేరుగా దాని పాలన సాగింది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దీవానీలో విలీనమైంది.

1909లో వెలువడిన ఇంపీరియల్ గెజిటీర్ హైదరాబాదు సంపుటిలో మేడ్చల్ తాలూకాకు షిమాలీ అన్న మరో పేరు కనిపిస్తుంది. షిమాలీ అంటే ఉత్తరపు అని అర్థం. నగరానికి ఉత్తరాన ఉన్నందున వచ్చిన పాలనానామం అది. కాబట్టి నిజాం కాలపు దస్త్రాలలో మేడ్చల్ అన్న మాట ఒక్కటే పట్టుకొని వెదికేవారికి ఆధారం లేదనిపించవచ్చు. షిమాలీ, అత్రాఫ్-ఎ-బల్దా, సర్ఫ్-ఎ-ఖాస్ అనే మూడు శీర్షికల కింద వెదికితే అదే ప్రాంతం బయటపడే అవకాశం ఉంది. శామీర్‌పేట విషయంలో వర్ణక్రమం మరో అడ్డంకి. శామీరుపేట, శామీర్‌పేట, షామీర్‌పేట అని తెలుగులో మూడు విధాలుగా కనిపిస్తుంది. రోమను లిపిలోనూ దీర్ఘహ్రస్వాల తేడాలు ఉన్నాయి. యంత్రశోధనకు ఇవి వేర్వేరు మాటలు.

కనుక ప్రాంతీయ పత్రికాచరిత్ర మీద పనిచేసే పరిశోధకుడు మొదట తయారు చేసుకోవలసినది గ్రంథసూచి కాదు, నామసూచి. ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు ఈ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లా, ఏ పాలన కింద ఉన్నదో ఒక పుటలో రాసుకొంటే, ఆ తరువాతి అన్వేషణ అంతా దాని వెంట నడుస్తుంది. ఈ నామసూచిని సిద్ధాంత వ్యాసంలో అనుబంధంగా చేర్చడం తరువాత వచ్చే పరిశోధకులకు మేలు చేస్తుంది.

3. ఆధారాలు ఉన్న చోట్లు, లేకపోవడానికి కారణాలు

తెలంగాణలో గ్రంథాలయాల స్థాపన, పత్రికల స్థాపన ఒకే ఉద్యమంలోని రెండు పాయలు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం ఏర్పడ్డాయి. 1922లో నల్లగొండ నుండి నీలగిరి, ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి నుండి తెనుగు పత్రికలు వెలువడ్డాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక ప్రారంభమైంది. గ్రంథాలయం పత్రికకు పాఠకుణ్ణి ఇచ్చింది, పత్రిక గ్రంథాలయానికి ప్రచారం ఇచ్చింది. అందువల్ల ఈ భాషానిలయాలలోని పాత సంపుటాలు పుస్తక నిల్వలు మాత్రమే కావు, ఉద్యమపు అవశేషాలు కూడా.

ప్రభుత్వపు గ్రంథాలయాలలో మొదట చెప్పవలసినది 1891లో ఆసఫియా పేరుతో మొదలై, 1936లో అఫ్జల్‌గంజ్‌లోని నేటి భవనానికి మారిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం ప్రభుత్వ దస్త్రాలు ప్రధానంగా పారసీ, ఉర్దూ భాషలలో ఉన్నాయి. పత్రికల అనుమతులు, సభల నిషేధాలు, బయటి పత్రికల ప్రవేశం వంటి విషయాలకు ప్రభుత్వం వైపు సాక్ష్యం అక్కడిది. తెలుగు పత్రికాచరిత్రకు ఉర్దూ ఆధారం అనివార్యమన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం. ఉర్దూ చదవలేని తెలుగు పరిశోధకుడు అనువాదకుని సహాయం తీసుకొన్నప్పుడు, ఆ సంగతిని ఆధార సూచనలో చెప్పడం న్యాయం.

కోస్తా, రాయలసీమల పత్రికలతో పోలిస్తే హైదరాబాదు రాజ్యపు పత్రికలకు ఆధారాలు తక్కువగా కనిపించడానికి చట్టపరమైన కారణం ఉంది. బ్రిటిషు ఇండియాలో 1867 నాటి ముద్రణాలయాల, గ్రంథాల నమోదు చట్టం కింద ప్రచురణలను నమోదు చేసేవారు. మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికల సారాంశాలను ఆంగ్లంలో నివేదికలుగా సిద్ధం చేయించేది. కృష్ణాపత్రిక మూల సంచిక దొరకనప్పుడు ఆ నివేదికల నుండి కొంత సంగతి తెలుసుకోవచ్చు. నిజాం రాజ్యం ఆ చట్టపరిధిలో లేదు. అంటే తెలంగాణ పత్రికల గురించిన మౌనం కొంతవరకు నమోదు వ్యవస్థ కల్పించిన మౌనం. దానిని పత్రికల మౌనంగానో, ప్రజల మౌనంగానో అర్థం చేసుకోకూడదు.

1954 నాటి గ్రంథ సమర్పణ చట్టాన్ని 1956లో పత్రికలకు కూడా విస్తరించారు. ఆ తరువాతి సంచికల కోసం కలకత్తా జాతీయ గ్రంథాలయాన్ని, మద్రాసు కన్నెమరా గ్రంథాలయాన్ని కూడా సంప్రదించవచ్చు. హైదరాబాదులో దొరకని సంచిక ఎక్కడా లేదని తేల్చే ముందు ఈ దారి చూడవలసిందే.

4. వర్గీకరణలో చెదిరిన విషయం

గ్రంథాలయం లోపలికి వచ్చాక మరో సమస్య. డ్యూయీ దశాంశ వర్గీకరణ పాటించే చోట పత్రికారచన 070 కింద, భారతదేశపు పత్రికలు 079.54 కింద, భావప్రసారం సామాజిక శాస్త్రాలలో 302.2 కింద, తపాలా 383 కింద, తంతి, టెలిఫోను వంటివి 384 కింద, తెలుగు సాహిత్యం 894.827 కింద చేరతాయి. ఒక సంపాదకుని జీవితచరిత్ర ఒక చోట, అతని వ్యాససంపుటి మరో చోట, అతని పత్రిక సంపుటాలు ఆవర్తక విభాగంలో ఇంకో చోట ఉంటాయి. తెలుగు పరిశోధకుడు అలవాటుగా 894.827 అరల దగ్గరే ఆగిపోతే విషయంలో సగమే చూసినట్లు.

నిజాం రాజ్యానికి 1950 వరకు సొంత తపాలా వ్యవస్థ ఉండేది. పత్రిక గ్రామానికి చేరిన మార్గం అదే. కాబట్టి గోలకొండ పత్రిక పాఠకులను గురించి రాయదలచినవారికి తపాలా, రైలు నివేదికలు కూడా పత్రికాచరిత్ర ఆధారాలే. మేడ్చల్ వంటి రైలుస్టేషను ఉన్న ఊరికీ, రైలు లేని శామీర్‌పేటకూ పత్రిక చేరిన తీరులో తేడా ఉన్నదా అన్న ప్రశ్నకు జవాబు సాహిత్యపు అరలలో దొరకదు.

పేర్ల క్రమం కూడా ఇక్కడ చెప్పదగినదే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి అన్న పేరు సహజంగానే ఇంటిపేరుతో మొదలవుతుంది. పాశ్చాత్య పద్ధతిని యాంత్రికంగా అనుసరించి దీనిని తలకిందులు చేస్తే, ఒకే రచయిత ఒక సూచికలో ‘స’ కింద, మరో సూచికలో ‘ప’ కింద కనిపిస్తాడు. వెదికేటప్పుడు రెండూ చూడాలి. రాసేటప్పుడు ఇంటిపేరుతో మొదలయ్యే వాడుకక్రమాన్నే ఆసాంతం పాటించాలి.

5. వ్యాఖ్య, దాని మూలం: గోలకొండ కవుల సంచిక పాఠం

తెలంగాణలో కవులు లేరని ముడుంబ వెంకటరాఘవాచార్యులు అన్నారని, దానికి సమాధానంగా సురవరం 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించారని సాహిత్యచరిత్రలు చెబుతాయి. ఈ ఉదంతాన్ని సాధారణంగా ఆత్మగౌరవ ప్రకటనగా చదువుతాం. దీనిని ఆధారాల సేకరణగా కూడా చదవవచ్చు. లేరు అన్న మాటకు ఉన్నారు అన్న మాట సమాధానం కాలేదు. పత్రిక ద్వారా వివరాలు కోరి, పేర్లు, ఊర్లు, రచనలు సేకరించి, అచ్చులో నిలపడం సమాధానమైంది. అంతకు ముందు లక్ష్మణరాయ పరిశోధక మండలి శాసనాల విషయంలో ఇటువంటి పనే చేపట్టింది. ఏ ఊరు, ఏ గుడి, ఏ రాయి అన్నది చెప్పకుండా శాసనాన్ని ఎవరూ ప్రమాణంగా చూపరు. పత్రికా సంచిక విషయంలో మనం ఆ పట్టుదల చూపడం లేదు.

పై ఉదంతమే అందుకు మంచి పరీక్ష. ఆ వ్యాఖ్య ఏ సంచికలో, ఏ తేదీన, ఏ పుటలో, ఏ సందర్భంలో వచ్చిందన్నది సూచించకుండా ఒక వ్యాసం నుండి మరో వ్యాసానికి అది ప్రయాణిస్తూ ఉంటుంది. పరిశోధకుడు రెండవ చేతి ఆధారం మీద దానిని తీసుకొంటే, ‘ఫలానా గ్రంథంలో ఉదాహృతం’ అని రాయాలి. మూల సంచిక చూసినట్లుగా రాయకూడదు. ఇలా రాయడం చిన్నతనం కాదు. గొలుసులో ఏ లంకె ఎక్కడిదో చదువరికి తెలియజేయడం అది. మాడపాటి హనుమంతరావు తెలంగాణ ఆంధ్రోద్యమము వంటి గ్రంథాలు ఆ కాలంలో పాల్గొన్నవారి సాక్ష్యాలు. వాటి విలువ గొప్పది. ఆ కాలపు పత్రికతో సరిచూసినప్పుడు ఆ విలువ పెరుగుతుందే గాని తరగదు.

6. తేదీ: ఒకే రోజుకు రెండు సంవత్సరాలు

ఈ ప్రాంతపు ఆధారాలలో క్రీస్తుశకం, హిజ్రీ, ఫసలీ, తెలుగు సంవత్సరనామం అన్నీ కనిపిస్తాయి. సంవత్సరనామం అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. గోలకొండ పత్రిక పుట్టిన అక్షయ సంవత్సరమే 1866లోనూ 1986లోనూ వచ్చింది. కాబట్టి సంవత్సరనామం ఒక్కటే ఇస్తే సూచన పూర్తి కాదు.

ఫసలీ ఇంతకంటె జాగ్రత్త కోరుతుంది. మద్రాసు రాజధానిలో ఫసలీ జులై 1న మొదలయ్యేది. హైదరాబాదు రాజ్యంలో ఆజూరు మాసంతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. జాగీర్ల రద్దు రెగ్యులేషను 1949 ఆగస్టు 15న వెలువడింది. దాని అధికారిక నామంలో ఉన్నది ఫసలీ 1358. మద్రాసు లెక్కన ఫసలీ 1358 అంటే 1948 జులై నుండి 1949 జూన్ వరకు. ఆ లెక్కను పట్టుకొన్న పరిశోధకుడు 1949 జూన్ వరకు పత్రికలు తిరగవేసి, ఆ వార్త రాలేదని నిర్ణయిస్తాడు. నిజానికి అతను తెరవవలసినది ఆగస్టు సంపుటం. జాగీర్ల రద్దు వంటి సంఘటన మీద పత్రికలు మౌనం వహించాయన్న తప్పు సిద్ధాంతం ఇంత చిన్న లెక్క నుండి పుట్టగలదు. అందువల్ల మూలంలో ఉన్న తేదీని ఉన్నట్లే రాసి, పక్కన క్రీస్తుశకం తేదీని ఇవ్వాలి. మూల తేదీని తొలగిస్తే తరువాత సరిచూసే వీలు ఉండదు.

7. జిల్లా అనుబంధాలు: మన కళ్లముందు పోతున్న చరిత్ర

పాత పత్రికల సంగతి ఇలా ఉండగా, ఇటీవలి చరిత్రకు మరో ప్రమాదం ఉంది. 1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు 1989లో జిల్లాకొక చిన్న అనుబంధం ఇవ్వడం మొదలుపెట్టింది. తరువాత ఇతర దినపత్రికలూ ఆ దారి పట్టాయి. మేడ్చల్, శామీర్‌పేటల వార్తలు, అంటే చెరువుల ఆక్రమణ, భూముల ధరలు, పరిశ్రమల రాక, గ్రామసభలు, పాఠశాలల స్థితి, ఎక్కువగా చోటు చేసుకొన్నది ఆ అనుబంధంలోనే. మొదటి పుటకు ఎక్కినవి అరుదు.

ప్రధాన సంచికను బైండు చేసి అనుబంధాన్ని విడిచిపెట్టే అలవాటు ఉన్నచోట, ఈ ప్రాంతపు ముప్పై ఏళ్ల దైనందిన చరిత్ర పాత కాగితాల బండికి పోయినట్లే. పల్లె నగరంలో కలిసిపోతున్న కాలం ఇది. ఆ మార్పును రోజువారీగా నమోదు చేసిన అచ్చుకాగితం అదే. పైగా పరిశోధకుడు ‘ఈనాడు, హైదరాబాదు’ అని మాత్రమే రాస్తే, ఆ వార్త ప్రధాన సంచికలోనిదా, రంగారెడ్డి జిల్లా అనుబంధంలోనిదా, 2016 తరువాతి మేడ్చల్ పుటలోనిదా తెలియదు. ఆ తేదీ సంపుటాన్ని తెరిచిన మరొకరికి వార్త కనిపించదు, సూచన అబద్ధమనిపిస్తుంది. ముద్రణ కేంద్రం, అనుబంధం పేరు, అనుబంధపు పుటసంఖ్య వేరుగా ఇవ్వడం తప్పనిసరి.

8. తెరమీది ప్రతి

ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాను చేయించి అందుబాటులోకి తేవడం వల్ల ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ వంటివి నగరానికి రాకుండానే చదివే వీలు కలిగింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో నడిచిన ప్రభుత్వ వేదిక తరువాత నిలిచిపోయింది. అందులోని చాలా ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వేదిక పోయినా ప్రతి మిగలవచ్చని, చిరునామా మాత్రం మారుతుందని దీనివల్ల తెలుస్తుంది. కనుక చిరునామా ఒక్కటే ఆధార సూచన కాజాలదు. పత్రిక పేరు, తేదీ, పుట పూర్తిగా ఇచ్చి, ఏ వేదికలో, ఏ రోజు చూశామో చివర చేర్చాలి. దస్త్రంలోని పుటసంఖ్య, అచ్చులోని పుటసంఖ్య ఒకటి కావు. అచ్చు పుటనే ఇవ్వాలి. స్కాను సమాచారంలో శీర్షికలు, సంవత్సరాలు తప్పుగా నమోదైన సందర్భాలు ఉన్నందున ముఖపత్రం చూడకుండా వాటిని స్వీకరించరాదు.

కాగితపు ప్రతి మీద చూపవలసిన శ్రద్ధకు మరో కారణం ఉంది. న్యూస్‌ప్రింటు త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. 2000 ఆగస్టు వరదలలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీరు చేరి విలువైన గ్రంథసంపద దెబ్బతిన్నది. ఒక సంచిక నశించినప్పుడు, దానిని చూసినవారు రాసిన సూచనే అది ఉండేదనడానికి సాక్ష్యంగా మిగులుతుంది. ఏ గ్రంథాలయంలో, ఏ సంపుటంలో చూశారో కూడా రాసి ఉంటే ఆ సాక్ష్యానికి బలం చేకూరుతుంది.

9. ఆధార సూచనకు ఒక నమూనా

పై చర్చ ఆధారంగా పత్రికా సూచనలో ఉండవలసిన అంశాల క్రమం ఇది: రచయిత పేరు, లేదా సంపాదకీయం, వార్త, ప్రకటన అన్న వివరం, శీర్షిక, పత్రిక పేరు, ప్రచురణస్థలం, ముద్రణ లేదా అనుబంధం, మూలంలోని తేదీ, క్రీస్తుశకం తేదీ, సంపుటి, సంచిక, పుట, వీలైతే కాలమ్, చూసిన ప్రతి ఉన్న చోటు. ఉదాహరణకు గోలకొండ తొలి సంచికను చూపదలచినప్పుడు ‘గోలకొండ పత్రిక, హైదరాబాదు, 10 మే 1926, సంపుటి 1, సంచిక 1’ అని రాసి, పుటను, ప్రతి చూసిన గ్రంథాలయాన్ని చేర్చాలి. పేరులేని సంపాదకీయాన్ని సంపాదకుని రచనగా నేరుగా చూపకూడదు. సంపాదకుడు మారుపేర్లతోనూ రాసే కాలంలో, పేరు లేని రచన ఎవరిదన్నది పరిశోధనలో తేల్చవలసిన విషయమే గాని సూచనలో ఊహించుకోవలసినది కాదు. వెదికి దొరకనివాటిని కూడా చెప్పాలి. ఏ సంపుటంలో ఏ నెలలు లేవో రాస్తే, ఆ నెలల మీద ఎవరూ తొందరపడి తీర్మానం చేయరు.

10. ముగింపు

మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతపు పత్రికాచరిత్రకు ఆధారాలు లేవనడం కంటె, అవి షిమాలీ పేరుతో, ఉర్దూ లిపిలో, ఫసలీ తేదీతో, జిల్లా అనుబంధంలో, సాహిత్యం కాని అరలో ఉన్నాయనడం వాస్తవానికి దగ్గర. ఈ అన్వేషణకు శాఖల స్థాయిలో రెండు పనులు అవసరం. ఒకటి, పరిశోధక విద్యార్థులకు ప్రవేశదశలోనే ఫసలీ గణనను, దస్త్రాలు చదవడానికి సరిపడే ఉర్దూ లిపి పరిచయాన్ని నేర్పడం. రెండు, జిల్లా గ్రంథాలయ సంస్థల సహకారంతో జిల్లా అనుబంధాలను వేరుగా బైండు చేయించి, సూచిక తయారు చేయడం. 1960 నాటి గ్రంథాలయ చట్టం కల్పించిన జిల్లా వ్యవస్థకు ఇది కొత్త భారం కాదు, దాని సహజ కర్తవ్యమే.

ఒక ప్రాంతంలో ఏమీ లేదన్న మాటకు 1934లో ఒక పత్రిక పేర్లతో, ఊర్లతో జవాబిచ్చింది. అదే మాట నేడు ఒక సిద్ధాంత వ్యాసంలో కనిపిస్తే, దానికి జవాబు తేదీతో, పుటతో, ప్రతి ఉన్న చోటుతో ఇవ్వవలసి ఉంటుంది.